ఆడపడుచుల ఊళ్ల మీదుగా

(విజయనగరంలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

వంశ చరిత్ర వెతుక్కుంటూ కారులో బయలుదేరాలనుకునేవారికి పనికివచ్చే మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నేను చరిత్రకారుణ్ణి కాను. లెక్కల మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నా అర్హత అల్లా, ఒకసారి ఈ పని తప్పుగా చేసి, రెండోసారి కొంత సరిగ్గా చేయడమే.

మా ఇంట్లో ఒక చిక్కు ఉండేది. మన ఉత్తరాంధ్రలో సంక్రాంతిని పెద్ద పండగ అంటాం. ఆ రోజు గతించిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, వారి పేరు చెప్పి దణ్ణం పెట్టుకుంటాం. మా నాన్నగారు నాలుగు పంచెలు పెట్టేవారు. ఒకటి తాతది, ఒకటి ముత్తాతది, ఒకటి ముత్తాతగారి తండ్రిది. నాలుగోది ఎవరిదని అడిగితే, "మా నాన్న పెట్టేవారు, నేనూ పెడుతున్నాను" అనేవారు తప్ప పేరు చెప్పలేకపోయేవారు. నాన్నగారు పోయాక ఆ పంచె పెట్టవలసిన బాధ్యత నాది అయింది. పేరు తెలియని మనిషికి బట్టలు పెట్టడం నాకు ఇబ్బందిగా తోచి, ఎలాగైనా తెలుసుకోవాలని బయలుదేరాను.

మొదటిసారి అందరూ చేసే పనే చేశాను. నరసన్నపేటకు పడమరగా ఉన్న మా సొంత ఊరికి నేరుగా కారు తోలించాను. మా పాత ఇంటి స్థలంలో డాబా లేచింది, దాన్ని కొన్నవారికి మా పేరు కూడా తెలియదు, రామాలయం అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి నాకంటే మూడేళ్లు చిన్నవాడు. చెరువుగట్టు ఫోటో తీసుకుని, ఎవరో ప్రేమగా కట్టిచ్చిన చింతపండు డిక్కీలో వేసుకుని తిరిగివచ్చాను. ఆ రాత్రి రాజాం దగ్గరి పల్లెలో ఉన్న మా పెద్ద మేనత్తకు ఫోన్ చేసి ఇదంతా చెబితే ఆవిడ నవ్వింది. "మనూర్లో ఏటుంది నాన్నా, ఉన్నోలంతా నీకంటె ఎనకాల పుట్టినోలే. మనింటి ఆడపిల్లల్ని అడగాల గాని" అంది. ఆవిడకు అప్పటికి తొంభై దాటాయి.

ఆ మాటను నేను చాలా రోజులు ఆలోచించాను. మగవాడు పుట్టిన ఊళ్లోనే ఉండిపోతాడు, ఊరు మారుతూ ఉంటే అతని జ్ఞాపకం కూడా దానితోపాటు మారిపోతుంది, పాత గోడ కూలి కొత్త గోడ లేస్తే పాతది ఎక్కడ ఉండేదో నాలుగేళ్లకు మరిచిపోతాడు. పదమూడో ఏటో పద్నాలుగో ఏటో అత్తవారింటికి వెళ్లిన ఆడపిల్లకు పుట్టింటి ఊరు వెళ్లిననాటి రూపంలోనే నిలిచిపోతుంది. ఏ గదిలో ఏ కావిడిపెట్టె ఉండేదో, ఎవరు ఎవరితో మాట్లాడేవారు కాదో, ఎవరి అప్పు ఎంత ఉండేదో ఆవిడకు నిన్నటిలా గుర్తుంటుంది. అందువల్ల రెండో ప్రయాణానికి నేను గీసుకున్న పటంలో మా ఊరు ఆఖరిది. ముందువన్నీ మా ఇంటి ఆడపడుచులను ఇచ్చిన ఊళ్లు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. మిగిలినవన్నీ దీని చుట్టూ తిరిగే జాగ్రత్తలు.

కారు ఎక్కేముందు ఇంట్లో చేయవలసిన పని చాలా ఉంది. తద్దినం పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు, అలాగే తల్లి, నాయనమ్మ, తాతగారి తల్లి పేర్లు మంత్రంలో వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా చెబుతారు కాబట్టి మూడు తరాలు పురోహితుడి నోటనో, ఆయన రాసుకున్న కాగితంలోనో దొరుకుతాయి. ఆ సంప్రదాయం లేని ఇళ్లలో పెద్ద పండగ నాడు పిలిచే పేర్లే ఆధారం. పాత జాతక పత్రాలు, శుభలేఖలు, మనియార్డరు రసీదులు, ఫోటోల వెనక పెన్సిలు రాతలు, ఇవన్నీ ఒక మంచం మీద పరిచి, ఏ కాగితంలో ఏ ఊరి పేరు ఉందో ఒక పుస్తకంలో ఎక్కించాలి. కులాల వంశావళులు చెప్పే పిచ్చుకుంట్లవారు, భట్రాజులు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు ఇదివరకు ఇళ్లకు వచ్చేవారు. వారిలో ఎవరైనా మీ ఇంటికి వచ్చిన గుర్తు పెద్దవారికి ఉంటే వారి ఊరు ఏదో ముందే కనుక్కోండి, అది కూడా దారిలో చేరుతుంది. తాతముత్తాతలు పూరీకో గయకో వెళ్లి ఉంటే అక్కడి పండాల, అంటే తీర్థ పురోహితుల, ఖాతా పుస్తకాల్లో ఊరూ పేరూ ఉండే అవకాశం ఉంది, కాని దానికి వేరే ప్రయాణం కావాలి.

కాగితాల మీది తేదీల గురించి లెక్కల మాస్టారుగా ఒక మాట. మన పాత ఉత్తరాల్లో ఇంగ్లీషు సంవత్సరం అరుదు. "చిత్రభాను నామ సంవత్సర ఆషాఢం" అని ఉంటుంది. ప్రభవ 1867లోను, 1927లోను, 1987లోను ఉగాదితో మొదలైంది కాబట్టి, మీకు దొరికిన సంవత్సరం ప్రభవ నుంచి ఎన్నోదో లెక్కపెట్టి, అందులోంచి ఒకటి తీసి ఈ మూడింటికీ కలిపితే మూడు సమాధానాలు వస్తాయి. మనిషి వయస్సును బట్టి ఏది సరిపోతుందో చూసుకోవాలి. చిత్రభాను పదహారోది కాబట్టి 1882, 1942, 2002 అవుతాయి. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ కనిపిస్తుంది. జూలై 1న మొదలయ్యే ఆ సంవత్సరానికి 590 కలిపితే సరిపోతుంది, అంటే ఫసలీ 1358 అన్నది 1948 జూలై నుంచి 1949 జూన్ దాకా. ఈ రెండు లెక్కలూ పుస్తకం మొదటి పేజీలో రాసుకుని బయలుదేరితే దారి మధ్యలో తడుముకోనక్కర్లేదు.

ఇక పటం సంగతి. సెల్‌ఫోను చూపించే పటం దారికి పనికివస్తుంది గాని చరిత్రకు పనికిరాదు. పార్వతీపురంలో 1940లలో పుట్టి ఇల్లు కదలని మనిషిని తీసుకోండి. ఆయన పుట్టింది విశాఖపట్నం జిల్లాలో. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చాడు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడితే ఇందులోకి వచ్చాడు. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లావాడు. ఒకే ఇంటి అరుగు మీద కూర్చుని నాలుగు జిల్లాలు చూశాడు. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం వైపువారి సంగతి ఇంకా విచిత్రం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయ్యేవరకూ ఆ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. ఆ రోజున పర్లాకిమిడి అటు వెళ్లింది, ఈ తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. కాబట్టి మీ ముత్తాత 1920లో ఏదైనా అర్జీ పెట్టుకుని ఉంటే దాని జాడ ఒడిశాలో గంజాం జిల్లా కేంద్రమైన ఛత్రపురంలోనో, చెన్నై ఎగ్మూరులోని పాత మద్రాసు రికార్డు ఆఫీసులోనో వెతకాలి తప్ప శ్రీకాకుళం కలెక్టరేటులో అడిగి నిరాశపడకూడదు. తాలూకాలు, వాటిలోని భాగాలైన ఫిర్కాలు పోయి 1985లో మండలాలు వచ్చాయి. అంతకు ముందటి ఏడాదే, 1984లో, కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. ఊరి లెక్కలన్నీ తెలిసిన చివరి కరణం ఇంకా బతికి ఉంటే ఆయనకు ఇప్పుడు బాగా పెద్ద వయస్సు, ఆయన ఊరు కూడా మీ దారిలో పెట్టుకోవలసిందే.

జమీందారీ హద్దులు తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, కురుపాం, టెక్కలి, మందస వంటి జమీల కింద ఉన్న గ్రామాల్లో రైతు పన్ను కట్టింది జమీందారుకే గనక చాలాచోట్ల రైతు పేరుతో సర్కారు రాసిన మొదటి కాగితం 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత జరిగిన సర్వే సెటిల్మెంట్ల నాటిది. సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ అనే ఆ పుస్తకం చూడగలిగితే 1950లలో ఏ గెడ్డ (వాగు) పక్కన ఏ భూమి చెక్క ఎవరి పేరున ఉండేదో తెలుస్తుంది. అగ్రహారాలు, దేవుడి మాన్యాలు, ఊరి సేవకు ప్రతిఫలంగా ఇచ్చిన సర్వీసు ఇనాము భూములు ఉన్న ఊళ్లకు ఇంకా పాతది ఉంది: 1860లలో ఇనాం కమిషన్ తయారుచేసిన ఫెయిర్ రిజిస్టర్లు. అసలు దానం పట్టింది ఎవరు, ఇచ్చినది ఎవరు, అప్పుడు అనుభవిస్తున్నవారు ఎవరు, వారి వయస్సు ఎంత, అసలు దానగ్రహీతకు వారు ఏమవుతారు, ఇవన్నీ అందులో గళ్లలో నింపి ఉంటాయి. అలాంటి ఊరు మీది అయితే మీరు అదృష్టవంతులు.

మాది అలాంటి ఊరు కాదు. మా సెటిల్మెంట్ కాగితంలో మా తాత పేరు ఒక్కటే ఉంది, పక్కన ఆయన తండ్రి పేరు. అన్నదమ్ములు ఉన్నట్టు ఎక్కడా లేదు. ఆ కాగితం నకలు చేతికి వచ్చిన రోజున నేను చాలా సంతోషించి, తాత ఒక్కడే కొడుకు అని వంశవృక్షంలో రాసేసుకున్నాను. కాగితం అబద్ధం చెప్పలేదు, దానికి తెలిసినంతే చెప్పింది, మిగతాది నేను ఊహించుకున్నాను.

రిజిస్ట్రారు ఆఫీసు గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను, ఎందుకంటే ఆడవారి పేర్లు కాగితం మీద దొరికే చోటు అదే. అడంగల్‌లో ఉండేది పట్టాదారు; పాత రోజుల్లో పట్టాదారు దాదాపు ఎప్పుడూ మగవాడే. కాని పసుపు కుంకుమ కింద కూతురికి ఇచ్చిన చెక్కకు దఖలు దస్తావేజు రాసి ఉంటే అందులో తండ్రి పేరు, కూతురి పేరు, అల్లుడి పేరు, అల్లుడి ఊరు అన్నీ ఉంటాయి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టానికి ముందు వితంతువుకు భర్త ఆస్తి మీద పరిమితమైన హక్కే ఉండేది కాబట్టి ఆవిడ భూమి అమ్మవలసివస్తే ఎందుకు అమ్ముతున్నదో, భర్త ఎప్పుడు పోయాడో, తరువాతి వారసులు ఎవరో దస్తావేజులోనే వివరంగా రాయించేవారు. అలాంటి దస్తావేజు ఒక్కటి దొరికితే అది అయిదుగురు ముసలివారితో మాట్లాడినంత. స్థిరాస్తి దస్తావేజులు నకలు చేసే మొదటి పుస్తకాన్నీ, దాని సూచికలనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. వీలునామా పుస్తకం అలా కాదు, రాసిన మనిషి పోయిన తరువాతే ఇతరులకు నకలు ఇస్తారు. పాత సంవత్సరాల సూచికలు చేతితో తిరగేయవలసిందే గనక ఆ ఆఫీసుకు ఒక పూట చాలదు. భాగం దావాలు నడిచిన ఇళ్లకు మరొక వసతి ఉంది: దావా పత్రంలోనే వంశవృక్షం గీసి ఉంటుంది. అన్నదమ్ములు కొట్లాడుకున్నా మనకు ఈ మేలు చేసి పోయారు.

నాకు ఒక ఆఫీసులో ఎదురైన అనుభవం చెబుతాను, ఊరు చెప్పను. రెండో శనివారం అన్న సంగతి మరిచిపోయి అరవై కిలోమీటర్లు వెళ్లి తాళం చూసి వచ్చాను. మరొకసారి వెళితే సూచిక పుస్తకం బీరువాలో ఉంది గాని బీరువా తాళంచెవి ఉన్న ఉద్యోగి సెలవులో ఉన్నాడు. మూడోసారి వెళ్లినప్పుడు అదే ఉద్యోగి రెండు గంటలు నా పక్కన కూర్చుని పాత ఇంగ్లీషు చేతిరాత చదివిపెట్టాడు. కాబట్టి ఆఫీసుల పని, ఇళ్ల పని ఒకే ప్రయాణంలో కలపవద్దని నా సలహా. పండగ వారంలో హైదరాబాదు, చెన్నై, ఖరగ్‌పూర్ వెళ్లినవారంతా ఊరికి వస్తారు, ఆ వారం మనుషులకు కేటాయించండి. ఆఫీసులకు ఫిబ్రవరిలో వేరుగా వెళ్లండి. అక్టోబరును మాత్రం నేను పూర్తిగా వదిలేస్తాను. 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ మూడూ ఆ నెలలోనే వచ్చాయి. తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలతోపాటు ఎన్ని ఇళ్ల పెట్టెల్లోని కాగితాలు తడిసి ముద్దయ్యాయో ఎవరూ లెక్కవేయలేదు.

మా రెండో ప్రయాణం నాలుగు రోజులు. కారు మా బావమరిది నడిపాడు, వెనక సీటులో నేను, మా ఆవిడ. మొదటి రోజు విజయనగరం నుంచి చీపురుపల్లి మీదుగా రాజాం, 50 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ పెద్ద మేనత్త. రెండో రోజు పాలకొండ, కొత్తూరు మీదుగా పాతపట్నం, మహేంద్రతనయ నది దాటితే పర్లాకిమిడి. తాతగారి చెల్లెల్ని ఇచ్చింది అక్కడ, ఆవిడ మనవడు ఉన్నాడు. మూడో రోజు టెక్కలి దగ్గర జాతీయ రహదారి ఎక్కి పలాస దాటి సోంపేట వైపు. చిన్న మేనత్త కూతుళ్లు అక్కడ. నాలుగో రోజు వెనక్కి వస్తూ మా ఊరు. రోజుకు ఒక్క ఇల్లే పెట్టుకున్నాం. ముసలివారు పొద్దున్న పదింటి దాకా ఒక మనిషి, మధ్యాహ్నం నిద్రలేచాక ఇంకొక మనిషి. పొద్దున్న చెప్పనిది సాయంత్రం చెబుతారు, పొద్దున్న చెప్పినదాన్ని సాయంత్రం దిద్దుతారు. రోజుకు మూడు ఇళ్లు పెట్టుకున్నవాడికి మూడు కాఫీలు దక్కుతాయి, అంతే.

కొత్తూరు, హిరమండలం వైపు ఆడపడుచులు ఉన్నవారు ముందే ఒకసారి విచారించుకోండి. వంశధార రిజర్వాయరు కింద మునిగిన ఊళ్లవారు నిర్వాసిత కాలనీలకు చెదిరిపోయారు. పాత ఊరి పేరు పట్టుకుని వెళితే నీళ్లు కనిపిస్తాయి. ఊరి పేర్లతో మరో చిక్కు ఏమిటంటే ఒకే పేరుతో అనేక ఊళ్లు ఉంటాయి. కొత్తవలస అంటే అందరికీ రైలు జంక్షనే గుర్తుకువస్తుంది గాని ఆ పేరున్న ఊరు అదొక్కటే కాదు. "ఏ కొత్తవలస, దగ్గర సంత ఎక్కడ, ఏ గెడ్డ పక్కన" అని అడిగి రాసుకోవాలి. మారిషస్ నుంచి, దక్షిణాఫ్రికా నుంచి పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ వచ్చేవారి చేతిలో చీటీల మీద జిల్లా గంజాం అనో విజగపటం (విశాఖపట్నం) అనో, తాలూకా చికాకోల్ (శ్రీకాకుళం) అనో ఉండి, ఊరి పేరు మాత్రం గుమాస్తా చెవికి వినిపించినట్టు రాసి ఉంటుంది. దాన్ని కళ్లతో చదవకుండా గట్టిగా పైకి చదివి ఒక ముసలమ్మకు వినిపించడమే మంచి పద్ధతి.

ఇళ్లకు వెళ్లినప్పుడు మొదట చెప్పవలసిన మాట ఒకటి ఉంది: మేము వాటా కోసం రాలేదు. నోటుపుస్తకం, ఫోను పట్టుకుని ముప్ఫై ఏళ్ల తరువాత చుట్టం దిగితే ఎవరికైనా అనుమానం రాదా? మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ హక్కు వచ్చింది గనక ఆడపడుచుల ఇళ్లలో ఈ విషయం ఇంకా సున్నితం. పర్లాకిమిడిలో మా తాత చెల్లెలి మనవడు, నాకు వరుసకు బావ, ఎంతో మర్యాద చేశాడు గాని పాత పెట్టె సంగతి ఎత్తితే "అవన్నీ ఎప్పుడో పోయాయి" అని మాట మార్చాడు. నేను హాల్లో కూర్చుని పన్నెండు ప్రశ్నల జాబితా తీస్తుంటే, మా ఆవిడ లోపల వంటింట్లో వాళ్లావిడతో కలిసి చిక్కుళ్లు వలుస్తూ అరగంటలో పెట్టె ఎక్కడ ఉందో కనుక్కుంది. నాకు జాబితా మీద నమ్మకం ఆనాటితో పోయింది. ఈ పని మీద వెళ్లే మగవారు ఇంటి ఆడవారిని తోడు తీసుకెళ్లడం మర్యాద కోసం కాదు, పని జరగడం కోసం.

ప్రశ్న వేసేటప్పుడు ఏ సంవత్సరమని అడగకూడదు. మీ పెళ్లికి ముందా తరువాతా, కొత్త పైసలు రాకముందా వచ్చాకా, విశాఖపట్నం మీద బాంబులు పడ్డప్పుడు మీరు ఎవరింట్లో ఉన్నారు, ఇలా అడిగితే 1957కు, 1942 ఏప్రిల్‌కు లంకె పడుతుంది. చెప్పినది చెప్పినట్టే రాసుకోవాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉంటూ, మనుషులు మాట్లాడే మాటే రాతలోకి రావాలని జీవితమంతా వాదించారు. ఆ గడ్డ మీద కూర్చుని ముసలమ్మ మాటను మనం పుస్తకాల భాషలోకి మార్చి రాసుకుంటే ఏం బాగుంటుంది? పైగా మార్చితే సమాచారమే పోతుంది. "రంగం ఎల్లినాడు" అన్నదాన్ని మావాడొకడు "రంగస్థలానికి వెళ్లాడు" అని రాసుకుని, తాత నాటకాలు ఆడేవాడని అయిదేళ్లు చెప్పుకు తిరిగాడు. రంగం అంటే బర్మాలోని రంగూన్.

ఆ రంగం దగ్గరికే మా కథ వచ్చింది. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల్లో ఓడ ఎక్కి మన ప్రాంతంవారు వేలమంది రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనికి వెళ్లారు. 1930 మే నెలలో రేవు కూలీల మీద జరిగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, చాలామంది తిరిగివచ్చారు, మళ్లీ వెళ్లారు. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూన్ మీద బాంబులు వేశాక ఓడ దొరికినవారు ఓడలో, దొరకనివారు అరకాన్ మీదుగానో మణిపురం మీదుగానో కొండలూ అడవులూ నడిచి వచ్చారు. దారిలో రాలిపోయినవారికి లెక్క లేదు. మా తాత రంగంలో పనిచేశాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన కాలినడకన వచ్చాడని మా నాన్నగారు చెప్పేవారు, నేను మా పిల్లలకు చెప్పాను, కాస్త కల్పించి కూడా చెప్పి ఉంటాను.

రాజాంలో మేనత్త మొదటి రోజు సాయంత్రం దాన్ని కొట్టిపారేసింది. "మా అయ్య ఓడ మీదే వొచ్చినాడు. నడిసొచ్చినోడు మా చిన్నయ్య. నడిసినాడు గాని రాలేదు" అంది. తాతకు తమ్ముడు ఉన్నాడన్న మాట నేను అప్పుడు మొదటిసారి విన్నాను. పేరు అడిగితే ఆవిడ చిన్నయ్య అనే అంది, తండ్రి తమ్ముణ్ణి పేరు పెట్టి పిలవదు కదా.

మరునాడు పర్లాకిమిడిలో ఆ పెట్టె తెరిచినప్పుడు, ఇత్తడి కుంకుమ భరిణె కింద, నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం ఒకటి దొరికింది. రంగం నుంచి తమ్ముడు తన అక్కకు, అంటే మా తాత చెల్లెలికి, రాసినది. తేదీ "వృష నామ సంవత్సర కార్తీకం". వృష పదిహేనోది కాబట్టి 1941. కార్తీకం అంటే అక్టోబరు చివర, నవంబరు మొదట. అంటే బాంబులు పడటానికి నెలన్నర ముందు. అన్న మొన్ననే ఓడ ఎక్కాడనీ, తనకు మేస్త్రీ నుంచి రావలసిన డబ్బు ఉందనీ, అది చేతికి అందగానే బయలుదేరి పెద్ద పండక్కి ఇంటికి వస్తాననీ రాశాడు. కింద సంతకం ఉంది, పూర్తి పేరుతో. పెళ్లి కాలేదు కాబట్టి అతనికి వారసులు లేరు. తిరిగి రాలేదు కాబట్టి భాగం పంచలేదు. చనిపోయాడని ఎవరూ చెప్పలేదు కాబట్టి కర్మ జరగలేదు. పది పన్నెండేళ్ల తరువాత సెటిల్మెంట్‌వారు వచ్చి రాసుకున్నప్పుడు అతను ఏ గడిలోనూ లేడు. అక్క పెట్టెలో ఒక్కచోట ఉన్నాడు. మా తాత మాత్రం ఏమీ చెప్పకుండా, పెద్ద పండక్కి వస్తానన్న తమ్ముడికి ఏటా పెద్ద పండగ నాడు పంచె పెట్టుకుంటూ వచ్చాడు.

బావ ఆ ఉత్తరం నాకు ఇవ్వలేదు, ఇవ్వమని నేను అడగలేదు. అది వాళ్ల నాయనమ్మది. కిటికీ దగ్గర వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి రెండు వైపులా ఫోటో తీసుకున్నాను. మీరు కూడా అలాగే చేయండి. అసలు కాగితం ఉన్న ఇంట్లోనే ఉంచి, ఎవరి దగ్గర ఉందో రాసుకుంటే చాలు.

మొన్న సంక్రాంతికి పంచెలు పెట్టేముందు మేనత్తకు ఫోన్ చేసి, స్పీకరులో పెట్టి, ఉత్తరం మీది సంతకంలో ఉన్న పేరు చదివి వినిపించాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ పేరున ఇంట్లో ఎవులూ పిలవలేదు నాన్నా. అలా పిలిత్తే ఆయనికి తెలవదు. మా నాయనమ్మ బుల్లెయ్యా అని పిలిసీది, అలా పిలు" అంది.

అలాగే పిలిచాను.